వరుసల్లో పెరిగిన వయ్యారిభామ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తెలియనివి చాలా ఉన్నాయి, ఏటేటా పెరుగుతున్నాయి కూడా. కానీ ఇరవై మూడేళ్ళ వయసులో, చేతిలో వ్యవసాయ డిగ్రీ, మెడలో కొత్త గుర్తింపు కార్డు, బ్యాగులో ఆఫీసువాళ్ళిచ్చిన ట్యాబు పెట్టుకుని ఇబ్రహీంపట్నంలో బస్సు దిగినప్పుడు మాత్రం, భూమ్మీద మొలిచే ప్రతి మొక్కా నన్ను చూడగానే లేచి నిలబడి తన పేరు చెప్పుకుంటుందని నా నమ్మకం. (మొక్కలకు నోరు లేకపోవడం నా అదృష్టం. ఉండి ఉంటే మొదటి వారంలోనే నా పరువు పోయేది. లేదు కాబట్టి ఆరో వారం దాకా ఆగింది.) నేను వ్యవసాయ విస్తరణాధికారిని. పేరు పొడుగే కానీ పని తేలిక: రైతులకు వ్యవసాయం నేర్పడం. యాభై ఏళ్ళుగా మట్టిలో ఉన్నవాళ్ళకు, నాలుగేళ్ళు హాస్టల్లో ఉన్న నేను నేర్పాలి. ఇందులో నవ్వుకోవలసింది ఏమైనా ఉందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదనుకోండి.

మా ఇల్లు హయత్‌నగర్‌లో. మా బాపు బస్సుల మెకానిక్. మా ఇంట్లో పచ్చగా కనిపించేవి రెండే రెండు, నూనె డబ్బాలో తులసి చెట్టు, ముందు గది గోడకు వేసిన రంగు. పొలమనేది మేము బస్సు కిటికీలోంచి చూసే వస్తువు. అయితేనేం, పరీక్షల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే. కలుపు మొక్కల పాఠంలో అయితే మా క్లాసులో నన్ను మించినవాళ్ళు లేరు. ముఖ్యంగా వయ్యారిభామ. దాని శాస్త్రీయ నామం, అది పుట్టిన దేశం, మన దేశానికి వచ్చిన దారి, దాని కుటుంబం, ఆ కుటుంబంలోని మిగతా సభ్యులు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చూపించమంటేనే కొంచెం చిక్కు. మా పుస్తకంలో ఉన్న బొమ్మ పూలతో ఉంది. పూలు లేనప్పుడు ఆ మొక్క ఎలా ఉంటుందో పుస్తకం చెప్పలేదు, నేనూ అడగలేదు. చామంతి కూడా అదే కుటుంబమని ఆ పేజీలోనే రాసి ఉంది. చుట్టాలకు పోలికలుంటాయన్న సంగతి నాకు తట్టలేదు.

వయ్యారిభామ అంటే ఎవరో అనుకునేరు. రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, నీళ్ళు పారే పొలాల్లో, కంచె వేసి మరిచిపోయిన ప్లాట్లలో నడుమెత్తు పెరిగి, నలక నలకగా తెల్లటి పూలు పూస్తుందే, ఆ కలుపు. పరాయి దేశం నుంచి ధాన్యం మూటల్లో దాక్కుని వచ్చిందంటారు. ఒక్క ఏడాదే దాని ఆయుష్షు, కానీ పోయేలోపు లెక్కలేనన్ని గింజలు రాల్చి మరీ పోతుంది. ముట్టుకుంటే దురద, పీలిస్తే తుమ్ములు, బర్రె మేస్తే పాలు చేదు. ఇన్ని సుగుణాలున్న దానికి వయ్యారిభామ అని ముద్దుగా పేరు పెట్టినవాడు తప్పకుండా మగవాడే అయి ఉంటాడని నా అనుమానం.

నేను ఉద్యోగంలో చేరిన ఆరో వారం, ఆగస్టులో, పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వయ్యారిభామ నిర్మూలన వారోత్సవం జరపాలట. (పీకేయడానికైనా సరే మాకు ఉత్సవం ఉండాలి.) మా సారు, అంటే మండలానికి పెద్ద, ఎప్పుడూ చెవి దగ్గర ఒక ఫోను, చేతిలో ఒక ఫోను ఉండే మనిషి, నన్ను పిలిచి పని అప్పగించారు. "సూడమ్మా, గురువారం జిల్లా నుంచి పెద్ద సారొస్తుండు. బ్యానరు కొట్టిచ్చిన, గ్లౌజులు తెప్పిచ్చిన, టిఫిను చెప్పిన. నువ్వు జర వయ్యారిభామను సూడు." ఎక్కడ చూడమంటారు సార్ అని అడిగాను. ఆయన రెండు ఫోన్లూ దించి నన్ను జాలిగా చూశారు. "యాడ సూస్తే గాడ గదే కదమ్మా! రోడ్డు పొంటి పో, కనవడ్తది."

రోడ్డు పొంటి పోయాను. కనపడలేదు. ఎందుకంటే ఆ ముందు వారమే ఇంకెవరో ఇంకా పెద్దవారు ఏదో ప్రారంభోత్సవానికి వస్తున్నారని, ఉపాధి కూలీలను పెట్టి రోడ్డుకు రెండు పక్కలా నున్నగా చెక్కించేశారు. ఇబ్రహీంపట్నం రోడ్లు మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకున్నట్టున్నాయి. ఏడాదిలో మూడు వందల రోజులకు పైగా ఎవరూ పట్టించుకోని కలుపు, దానికి ఉత్సవం చేద్దామనుకున్న వారంలోనే ఊరు విడిచి పోయింది. బ్యానరు మీద మాత్రం "వయ్యారిభామను తరిమికొడదాం" అని ఎర్రక్షరాలతో అచ్చయిపోయింది. తరమడానికి ఒక్కటైనా లేకపోతే పెద్ద సారు ముందు మా సారు గతేమిటి, మా సారు ముందు నా గతేమిటి?

బుధవారం పొద్దున ఒక ఊరి మొగదల చాయ్ హోటల్ దగ్గర ఆగి, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషిని అడిగాను. అచ్చు పుస్తకంలో ఉన్నట్టే అడిగాను.

"అన్నా, మీ ఊర్లో వయ్యారిభామ ఎక్కడ ఎక్కువగా ఉంది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. చాయ్ పోస్తున్నాయన పోయడం ఆపాడు.

"ఏమో మేడం, మాది గసుంటి ఊరు కాదు."

"లేదన్నా, అన్ని ఊళ్ళలో ఉంటుంది. ముఖ్యంగా రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. చాలా ప్రమాదం. మేం రేపు వచ్చి తీసేస్తాం."

"పోలీసోళ్ళకు చెప్పిండ్రా మల్ల?" అన్నాడు చాయ్ ఆయన, గొంతు తగ్గించి.

అప్పుడు నాకు వెలిగి, ఫోనులో బొమ్మ తీసి చూపించాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. "ఓర్నీ, గిదా! గిది పార్టీ గడ్డి గద మేడం!" (వాళ్ళు నిజంగా అన్నది ఒక రాజకీయ పార్టీ పేరు. ఊళ్ళలో ఆ గడ్డికి అదే పేరు. నేను ప్రభుత్వోద్యోగిని కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయను. గడ్డికి కూడా పార్టీ అంటగట్టిందని నా మీద ఎవరైనా కాగితం పెట్టగలరు.) పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని దారి చెప్పాడు. "చెరువు కట్ట అవతలికి పో, గాడ మస్తుంటది. నడుముల దాక పెరిగింది." ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కాకపోతే కట్ట అవతలికి వెళ్ళే దారంతా బురద, నా కాళ్ళకు ఆ నెల జీతంతో కొన్న తెల్ల బూట్లు. వెళ్ళలేదు. ఆ రోజు నుంచి ఆ చుట్టుపక్కల నా అసలు పేరు మాయమై "వయ్యారిభామ మేడం" స్థిరపడింది. ఇప్పటికీ అక్కడి రైతుల ఫోన్లలో నేను అదే పేరుతో ఉన్నాను.

బూట్లు ఖరాబు కాకుండా వయ్యారిభామ దొరకాలని కోరుకుంటూ యాచారం వైపు స్కూటీ మీద పోతుంటే, రోడ్డుకు ఆనుకునే, ఒక బోరు కింద, పది గుంటల మడి, అంటే పావెకరం, కనిపించింది. నేల మీద జానెడెత్తున, అంచులు చీలిన ఆకులతో, లేత పచ్చగా, మడి నిండా అదే మొక్క. పువ్వు ఒక్కటీ లేదు. పక్కన చిన్న రేకుల కొట్టం, దానికి తాళం. నా గుండె ఆనందంతో గంతులేసింది. నేలను చాళ్ళుగా దున్ని బోదెలు తీసి ఉన్నాయి. వరుసకూ వరుసకూ మధ్య మూరెడు దూరం, మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు. పొద్దున్నే నీళ్ళు కట్టిన తడి కూడా ఆరలేదు. కలుపు మొక్కలకు ఇంత క్రమశిక్షణ ఎవరు నేర్పారన్న ప్రశ్న అప్పుడు రావాలి. మనిషన్నవాడికి వస్తుంది. నాకు డిగ్రీ ఉండటం వల్ల రాలేదు. నీటి వసతి గల భూముల్లో దట్టంగా పెరుగుతుందని పుస్తకంలో ఉంది. ఇక్కడ నీళ్ళున్నాయి, దట్టంగా ఉంది, ఇంకేం కావాలి? పైగా పెద్ద సారు కారు ఆపుకోవడానికి చోటుంది. ఫోటో తీసి, దారి గుర్తు పెట్టి, ఆఫీసు గ్రూపులో పంపాను. "శభాష్ అమ్మా" అని మా సారు నుంచి జవాబు వచ్చింది. ఆయన ఫోటో తెరిచి చూడలేదని తర్వాత తెలిసింది. ఆయనకు రోజుకు అలాంటివి వంద వస్తాయి, అన్నిటికీ అదే జవాబు.

గురువారం సన్నగా వాన జల్లు పడుతోంది. బ్యానరు కట్టాం. ఆరుగురు ఉపాధి కూలీ అక్కలు వచ్చారు. వాళ్ళలో పెద్దామె మడిని చూసి నిలబడిపోయింది.

"మేడం, గిది..."

"అవునమ్మా, ఇదే. గ్లౌజులు వేసుకోండి, దురద పెడుతుంది."

"గది కాదు మేడం. గీ చెట్లు..."

"అమ్మా, నేను దీని మీద నాలుగేళ్ళు చదువుకుని వచ్చాను. పెద్ద సారు వచ్చే టైమయింది. కానివ్వండి."

ఆమె పక్కామె వైపు చూసింది. పక్కామె ఆకాశం వైపు చూసింది. "మేడం సదువుకున్నదంట. పీకుండ్రి మరి" అని పెద్దామె మడిలోకి దిగింది. అబ్బ, ఎంత నెమ్మదిగా పీకారో! వేలితో చుట్టూ మన్ను వదులు చేసి, వేరు తెగకుండా, మట్టిగడ్డ రాలకుండా, పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినట్టు తీసి, గట్టు నీడన ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పైన తడి గోనెసంచి కప్పుతున్నారు. కలుపు మొక్కలకు ఈ మర్యాదలేమిటని నాకు చిర్రెత్తుకొచ్చింది. "అమ్మా, జర తొందరగా! దాన్నేమైనా పెళ్ళికి తీసుకుపోతున్నామా?" అని గట్టిగానే అన్నాను. ఎవరూ తొందరపడలేదు.

పెద్ద సారు వచ్చారు. ఒక మొక్క పీకారు. ఫోటోలో కళ్ళు మూసుకున్నారని దాన్ని మళ్ళీ గుంతలో పెట్టి మళ్ళీ పీకారు. మూడోసారి బాగా వచ్చింది. నేను బ్యానరు ముందు నిలబడి, వయ్యారిభామ పుట్టుపూర్వోత్తరాల మీద పది నిమిషాలు మాట్లాడాను. శాస్త్రీయ నామం రెండుసార్లు చెప్పాను, ఒకసారి మామూలుగా, ఒకసారి వీడియో కోసం. "యువత ఇట్లా ఉండాలె" అని పెద్ద సారు మా సారుతో అన్నారు. మా సారు తానే నన్ను కన్నట్టు నవ్వారు, రెండు ఫోన్ల మధ్య మడి వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు. అప్పటికి సగం మడి ఖాళీ అయింది.

అప్పుడు షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి చేతిలో దవాఖాన గోలీల సంచి పట్టుకుని ఒక అవ్వ దిగింది. పొట్టిగా, గట్టిగా, నుదుట రూపాయంత బొట్టు. ఆ మడి ఆవిడదే. ఆ చుట్టుపక్కల ఆవిడను చామంతవ్వ అంటారని నాకు అప్పటికి తెలియదు. (తెలిసి ఉంటే ఆ పేరులోనే నాకు కావలసిన సమాచారమంతా ఉంది.)

"ఏం జేస్తుండ్రు బిడ్డా నా మడిల? గింతమంది జనమేంది?"

నేను ముందుకు వచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను. "అవ్వా, మీ పొలంలోకి వయ్యారిభామ వచ్చింది. ఫికర్ చేయకు, ప్రభుత్వమే వచ్చి తీసేస్తోంది."

"ఎవరొచ్చిండ్రు?"

"వయ్యారిభామ."

"గామె ఎవరు? నేనెరుగ" అంటూ అవ్వ నా పక్క నుంచి గట్టు మీదికి వచ్చింది. ఖాళీ బోదెలు చూసింది. గోనెసంచి చూసింది. గోలీల సంచి ఆవిడ చేతిలోంచి జారింది. "అయ్యో! గివి నా చామంతులు గద బిడ్డా!"

అక్కడితో నోరు మూసుకున్నా నాకు కాస్త మర్యాద మిగిలేది. నేను మూసుకోలేదు. "అవ్వా, నీకు కళ్ళు సరిగా కనపడటం లేదేమో. ఆకు చూడు..." అన్నాను. అవ్వ వంగి ఒక ఆకు తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, నా ముక్కు కింద పెట్టింది.

చామంతి వాసన. అనుమానం లేదు. పండగ పూట మా అమ్మ జడలోంచి వచ్చే వాసన, నాకు నడక రాకముందు నుంచీ తెలిసిన వాసన. చదువు రాని రోజుల్లో కూడా నేను గుర్తుపట్టే మొక్క అది. ఆ ఆకును ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంటే నాలుగేళ్ళ చదువు అక్కర్లేకపోయేది.

అవ్వ గట్టు మీద కూలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండింది. "మా తల్లిగారింటి పిలకలు బిడ్డా గివి. యాడ కొందమన్నా దొరకయ్. ఎండకాలం బోరు ఎండిపోతె బిందెలతోని మోసి బతికిచ్చుకున్న. బతుకమ్మకు పూలియ్యాలె గద. ఇప్పుడు నేనేం ఇయ్యాలె?" అంది, ఎవరినీ చూడకుండా. చామంతి గింజ నుంచి అదే రకం రాదు, పాత మొక్క మొదట్లో వచ్చే పిలకల్ని తీసి నాటుకుంటేనే వస్తుంది. ఇది కూడా నేను పరీక్షలో రాశాను. అంటే నేను పీకించింది ఆ ఏటి పూలను ఒక్కటే కాదు, ఆవిడ తల్లిగారింటి నుంచి వచ్చిన మొక్క వంశాన్నే. అప్పటిదాకా ఉద్యోగం పోతుందేమోనని వణుకుతున్న నేను, ఆ మాట విన్నాక పోతే పోయిందిలే అనుకున్నాను. అంత సిగ్గు నేను అంతకు ముందు పడలేదు, తర్వాతా పడలేదు.

కూలీ పెద్దామె వచ్చి అవ్వ భుజం పట్టుకుంది. "లే అవ్వా. సచ్చిపోలె. మట్టితోనే తీసినం, తడి సంచి కింద పెట్టినం. మబ్బు పట్టింది, ఇప్పుడే నాటితె పట్టుకుంటయ్." నేను ఆమె వైపు తిరిగాను. అంటే వీళ్ళందరికీ ముందే తెలుసు. ఆ ప్రేమగా పీకడం, ఆ నీడ, ఆ గోనెసంచి, అన్నీ అందుకే. "తెలిసి ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు, కొంచెం జాలి ఉంది. "చెప్పవోయిన గద మేడం. నువ్వు గంత గట్టిగ చెప్తుంటె మేమెట్ల అంటం?"

అవ్వ లేచింది. లేవగానే ఆవిడ ముసలిది కాదు, మేస్త్రీ. "నిలవడి సూస్తరేంది? నాటుండ్రి అందరు! ఓ పెద్ద సారూ, గా బూట్లిప్పి బోదెలకు దిగు. నువ్వేందే తెల్ల బూట్లామె, నీకు వేరే చెప్పాల్నా?" పెద్ద సారు ప్యాంటు మడిచి దిగారు. ఇరవై నాలుగు మొక్కలు నాటారు. ఇరవై ఐదోదాని దగ్గర ఆయనకు జిల్లాలో మీటింగు ఉన్న సంగతి గుర్తుకొచ్చింది. మా సారు మాత్రం రెండు ఫోన్లూ జేబులో పెట్టుకుని చివరిదాకా నాటారు. ఆయనకు మట్టి పని అంత బాగా వచ్చని ఆ రోజే తెలిసింది. నేను బూట్లు విప్పి గట్టున పెట్టాను. వాటిని మళ్ళీ ఎప్పుడు చూశానో గుర్తులేదు. మధ్యాహ్నం టిఫిను పొట్లాలు వచ్చాయి, అవ్వే అందరికీ పంచింది, నాకు చివర్న ఇచ్చింది. సాయంత్రానికి మడి నిండింది. ఆ రోజు పంపిన నివేదికలో "కార్యక్రమం విజయవంతం, పది గుంటల విస్తీర్ణంలో అధికారులు స్వయంగా పాల్గొన్నారు" అని రాశాం. ఫోటోలో అందరం వంగి ఉన్నాం. పీకుతున్నామో నాటుతున్నామో ఫోటో చూసి ఏ దేవుడూ చెప్పలేడు. అందులో ఒక్క అబద్ధమైనా ఉంటే చూపించండి.

అవ్వ నా మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేస్తుందేమోనని నేను వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఎనిమిదో రోజు ధైర్యం చేసి వెళితే, మొక్కలు చాలా వరకు తలెత్తి నిలబడ్డాయి. అవ్వ బోదెలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "దా వయ్యారీ, నీ కోసమే కూసున్న" అంది. విషయమేమిటంటే, ఆ మడిలో చామంతుల మధ్య అక్కడక్కడా అసలైన వయ్యారిభామ మొలకలు కూడా ఉన్నాయట. పీకినప్పుడు అన్నీ కలిసిపోయాయి. నాటినప్పుడు కూలీ అక్కలు ఏరి పారేశారు. నేనూ పెద్ద సారూ నాటిన వరుసల్లో మాత్రం ఏరినవాళ్ళు లేరు. మేమిద్దరం అవీ ఇవీ సమానంగా చూశాం. జానెడు దూరంలో, వేలితో మన్ను నొక్కి, చెంబుతో నీళ్ళు పోసి నాటాం. వయ్యారిభామను వరుసల్లో నాటి, నీరు కట్టి పెంచిన శాఖ ఈ దేశంలో మాది తప్ప ఇంకొకటి ఉండదు. అవి చామంతులకంటే ఏపుగా ఉన్నాయి కూడా.

"నువ్వు నాటినయ్ నువ్వే పీకు" అంది అవ్వ. వంగి, బాగా పరికించి, ఒకటి పట్టుకున్నాను. "గది చామంతి" అంది. ఇంకోటి పట్టుకున్నాను. "గదీ చామంతే. కండ్లు మూసుకో బిడ్డా. కండ్లున్నోళ్ళకే గింత తిప్పలు." మూసుకున్నాను. ఆవిడ నా వేళ్ళ మధ్య ఒక ఆకు పెట్టింది, మందంగా ఉంది. నలిపితే మా అమ్మ జడ వాసన. తర్వాత ఇంకో ఆకు పెట్టింది, పలచగా, నూగు నూగుగా ఉంది. నలిపితే పచ్చి చేదు వాసన, వెనకే నాలుగు తుమ్ములు. "ఆఁ, నీ ముక్కు నీకంటె తెలివిగల్లది" అంది అవ్వ. ఆ సాయంత్రం నేను కళ్ళు మూసుకుని, తుమ్ముకుంటూ, చేతులు గోక్కుంటూ రెండు వరుసలు శుభ్రం చేశాను. నాలుగేళ్ళలో నేర్చుకోనిది నాలుగు తుమ్ముల్లో వచ్చింది.

పీకి నాటిన మొక్కలు కదా, దెబ్బ తిన్నాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ అవ్వ మడిలో మొగ్గలే తప్ప పూలు లేవు. ఇబ్రహీంపట్నంలో ఆడవాళ్ళు గునుగు, తంగేడు, బంతి పేర్చుకుంటుంటే, "ఈయేడు చామంతవ్వ పూలు రాలేదేంది?" అని ఎవరో అడగడం నా చెవిన పడింది. నేను అక్కడి నుంచి పక్కకు తప్పుకున్నాను. పూలు దీపావళికి వచ్చాయి. పసుపు పచ్చగా, మడంతా దీపాలు పెట్టినట్టు వచ్చాయి. "బతుకమ్మకు రాకపాయె, లచ్చిందేవికన్న వచ్చినయ్ తీ" అని అవ్వ నా దోసిట్లో నాలుగు పూలు పెట్టింది. ఆవిడ అలా తేలిగ్గా అన్నది నా కోసమని నాకు తెలుసు. బతుకమ్మ నాటి పూలకూ దీపావళి నాటి పూలకూ ఆవిడ లెక్కలో తేడా ఉంది, అది నా వల్లే వచ్చింది.

ఆ తర్వాత అక్కడ మూడేళ్ళు పనిచేశాను. ప్రతి వారం అవ్వ మడి దగ్గర ఆగేదాన్ని. బదిలీ ఉత్తర్వు జూలైలో వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి తుర్కయాంజాల్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాను. చెప్పి వెళదామని వస్తే అవ్వ పిలకలు నాటుతోంది. "నాకొకటి ఇయ్యవా అవ్వా, బాల్కనీలో పెట్టుకుంట" అన్నాను. "నువ్వే తీసుకో బిడ్డా. నీకిప్పుడు తెలుసు గద" అంది. ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ఆ రోజు నాకు గట్టి సర్ది, ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంది. అయితే మాత్రం, మూడేళ్ళ అనుభవం కదా, ముక్కుతో పనేముంది? చూపుతోనే ఎంచాను. అన్నిటికంటే పచ్చగా, బలంగా ఉన్న పిలకను మట్టితో సహా తీసి, చున్నీ కొంగున కట్టుకున్నాను. అవ్వ చూస్తూ కూర్చుంది. "మంచిగ సూసుకో. నీళ్ళు మరువకు" అంది.

మరవలేదు. కొత్త కుండీ, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, రెండు పూటలా నీళ్ళు. మొక్క రోజురోజుకూ ఏపుగా లేచింది. పక్క ఫ్లాటు ఆంటీ చూసి, "ఎంత బాగ పెంచుతున్నవమ్మా, వ్యవసాయం చదివినదానివి గద" అని మురిసిపోయింది. మా ఆయన ఇంటికి వచ్చిన ప్రతివారినీ బాల్కనీలోకి తీసుకుపోయి చూపించాడు. రెండు నెలల తర్వాత ఒక పొద్దున కాఫీ కప్పుతో బాల్కనీలోకి వెళ్ళేసరికి మొక్క పూత పట్టింది. నలక నలకగా, తెల్లగా, అచ్చు మా పుస్తకంలోని బొమ్మలాగే. సర్ది తగ్గిపోయింది కాబట్టి తుమ్ములు కూడా వచ్చాయి.

వెంటనే అవ్వకు ఫోన్ చేశాను. "అవ్వా, నేను తీసుకుపోయేటప్పుడు నువ్వు చూసినవ్ గద?"

"సూసిన."

"గది చామంతి కాదని నీకు తెలుసా?"

"తెల్వకేం."

"మరి చెప్పొద్దా అవ్వా!"

అవతల అవ్వ నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. "నువ్వు గంత సంబురంగ కొంగున ముడేసుకొని పోతుంటివి. ఎట్ల చెప్పాలె బిడ్డా?"

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా కింద కొత్తగా చేరిన పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళు ట్యాబు తెరిచి నాకు మొక్కల పేర్లు గట్టిగా చెబుతుంటే, ఒక్కోసారి తప్పని తెలిసినా, నాకూ నోరు పెగలదు. వాళ్ళ బూట్ల వైపు చూస్తూ ఉంటాను. చివరికి "నలిపి వాసన చూడమ్మా" అని మాత్రం అంటాను. ఎవరైనా కూలీ అక్క "మేడం, గిది..." అని మొదలుపెడితే మాత్రం, ఎంత పెద్ద సారు పక్కనున్నా సరే, ఆ మాట పూర్తయ్యేదాకా నోరెత్తను.

ఈ ఏడు మొదటి వానలు పడ్డాక, యాచారం నుంచి వచ్చే ఒక ఆటో అన్న చేతికి అవ్వ తడిగుడ్డలో చుట్టిన మూట ఇచ్చి పంపింది. విప్పితే నాలుగు పిలకలు. ఫోన్ చేస్తే, "మూడు చామంతులు, ఒకటి నువ్వు. ఏదో ఎర్కపట్టు" అని పెట్టేసింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. కళ్ళు మూసుకుని ఒక్కొక్క ఆకే నలిపి చూశాను. సర్ది లేదు, ముక్కు బాగానే పనిచేస్తోంది. ఏది నేనో ఖాయంగా తెలిసిపోయింది. అయినా నాలుగూ నాటాను, ఎందుకైనా మంచిదని.